బత్తాయి తొక్కలా మారితే... బహుపరాక్!

రొమ్ము క్యాన్సర్ అనగానే అందరూ గడ్డ కోసమే వెతుకుతారు. కానీ గడ్డే తగలకుండా, వారాల్లోనే ముదిరిపోయే రకం ఒకటుంది. మామూలు సెగగడ్డలా, పాలు గడ్డకట్టినట్టు కనిపించి మోసం చేసే ఆ జబ్బును ఇంట్లోనే ఎలా పసిగట్టాలి? అనుమానం వస్తే ఎక్కడికి పరుగెత్తాలి?

నల్గొండ జిల్లా మర్రిగూడ పేరు చెప్పగానే పత్రికలు చదివే ఎవరికైనా మొదట గుర్తొచ్చేది ఫ్లోరైడ్ నీళ్లు. గారపట్టిన పళ్లు, వంకరపోయిన కాళ్లు, వంగని నడుములు... ఈ మండలం దశాబ్దాల పాటు వార్తల్లోకెక్కింది వాటితోనే. అందుకే ఇక్కడివారికి నొప్పి కొత్త చుట్టం కాదు. ఒళ్లు పట్టేసినా, కీళ్లు సలిపినా ‘గీ నీళ్లతోనే’ అని సరిపెట్టుకుని పొలానికి వెళ్లిపోవడం తరాలుగా అలవాటైపోయింది. కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాక నీటి కష్టం చాలావరకు తీరింది గానీ, ఆ ఓర్చుకునే గుణం మాత్రం పోలేదు. ఆడవాళ్లలో అయితే మరీనూ!

పత్తి ఏరేటప్పుడో, నాట్లు వేసేటప్పుడో రొమ్ము కాస్త బరువుగా అనిపిస్తే ఎవరికి చెబుతారు? రెండు రోజులు చూద్దామనుకుంటారు. రెండు రోజులు కాస్తా రెండు వారాలవుతాయి. నొప్పి సంగతి ఎలా ఉన్నా, ఈ ఓర్పే ప్రాణం మీదికి తెచ్చే జబ్బు ఒకటుంది. దాని పేరు ఇన్‌ఫ్లమేటరీ బ్రెస్ట్ క్యాన్సర్. తేలిగ్గా చెప్పాలంటే వాపు రకం రొమ్ము క్యాన్సర్. ఫ్లోరైడ్ దెబ్బతీసేది పళ్లనూ ఎముకలనూ. కాబట్టి రొమ్ములో వచ్చిన మార్పును కూడా నీళ్ల ఖాతాలో వేసి ఊరుకోవడానికి లేదు.

గడ్డ లేదు కదా అనుకుంటే...

‘గడ్డ తగిలితే డాక్టరు దగ్గరకు వెళ్లండి’... ఇన్నేళ్లుగా మనం విన్న మాట ఇదే. అది నూటికి నూరుపాళ్లూ నిజం. మామూలు రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ శాతం గడ్డగానే బయటపడతాయి. అయితే ఈ వాపు రకం తీరు వేరు. ఇందులో క్యాన్సర్ కణాలు ఒకచోట ముద్దకట్టకుండా, పలచగా పరచుకున్నట్టు వ్యాపిస్తాయి. చేత్తో తడిమితే గడ్డ తగలకపోవచ్చు. ఒక్కోసారి మామోగ్రామ్ ఫిల్ములో కూడా స్పష్టమైన గడ్డ కనిపించదు.

మరి లోపల ఏం జరుగుతుంది? మన చర్మం కింద రక్తనాళాలతో పాటు లింఫ్ నాళాలనే సన్నటి గొట్టాలుంటాయి. కణాల మధ్య మిగిలిపోయిన నీటిని ఎప్పటికప్పుడు తోడేయడం వీటి పని. ఊళ్లో మురుగు కాలువ లాంటివన్నమాట! ఈ క్యాన్సర్ కణాలు ఆ గొట్టాల్లోకి దూరి అడ్డంపడతాయి. కాలువలో చెత్త ఇరుక్కుంటే నీళ్లు వీధిలోకి ఎగదన్నినట్టే, రొమ్ములో నీరు ఎక్కడికక్కడ నిలిచిపోతుంది. రొమ్ము వాస్తుంది, బరువెక్కుతుంది, వేడెక్కుతుంది, కందిపోతుంది. చూసేవాళ్లకు అచ్చం చీము పట్టినట్టే ఉంటుంది. పేరులో ‘ఇన్‌ఫ్లమేటరీ’ అని ఉన్నది అందుకే. నిజానికి అక్కడ ఉన్నది చీమూ కాదు, ఇన్‌ఫెక్షనూ కాదు.

ఈ జబ్బు కొత్తదేమీ కాదు. ముఖం ఓ పక్కకు వంకరపోయే ‘బెల్స్ పాల్సీ’కి తన పేరునిచ్చిన బ్రిటన్ సర్జన్ చార్లెస్ బెల్ 1814లోనే దీన్ని వర్ణించాడు. రొమ్ము మీద చర్మం ఊదారంగుకు తిరిగి, పోట్లు వస్తుంటే అది చాలా చెడ్డ సూచన అని రాశాడు. ఇన్‌ఫ్లమేటరీ అన్న పేరు స్థిరపడింది మాత్రం 1924లో. అమెరికాలో మొత్తం రొమ్ము క్యాన్సర్లలో ఇది 1 నుంచి 5 శాతం మధ్య ఉంటుందని అంచనా. ఈజిప్టు, ట్యునీషియా లాంటి ఉత్తర ఆఫ్రికా దేశాల్లో ఇంకాస్త ఎక్కువ. శాతం చూస్తే చిన్నదే. కానీ 2022లో మనదేశంలో కొత్తగా బయటపడిన రొమ్ము క్యాన్సర్లు దాదాపు 1 లక్షా 92 వేలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ అంచనా వేసింది. మరణాలు 98 వేల పైచిలుకు. అంత పెద్ద సంఖ్యలో నూటికి ఒకటి అనుకున్నా, ఏటా దాదాపు రెండు వేల కుటుంబాల కథ ఇది!

బత్తాయి చెప్పే పాఠం

మర్రిగూడ, చండూరు, నాంపల్లి చుట్టుపక్కల వారికి బత్తాయి గురించి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. నల్గొండ జిల్లాకు పేరు తెచ్చిన పంట అది. చేతిలోకి ఓ కాయ తీసుకుని తొక్కను దగ్గరగా చూడండి. సన్నసన్నటి గుంటలు కనిపిస్తాయి కదా! వాపు రకం క్యాన్సర్‌లో రొమ్ము చర్మం సరిగ్గా అలాగే మారుతుంది. ఫ్రెంచి వైద్యులు దీనికి ‘నారింజ తొక్క’ అనే పేరు పెట్టారు. ఇప్పటికీ ప్రపంచమంతా డాక్టర్లు ఆ ఫ్రెంచి మాటే వాడతారు. మన నల్గొండ వాళ్లకు ‘బత్తాయి తొక్క’ అంటే ఇంకా బాగా గుర్తుంటుంది.

ఆ గుంటలు ఎందుకు పడతాయంటే... లోపల నీరు చేరి చర్మం ఉబ్బుతుంది. వెంట్రుకల మొదళ్లున్న చోట మాత్రం చర్మం లోపలికి అతుక్కుని ఉండటంతో ఉబ్బలేదు. పరుపుకు బొత్తాలు కుట్టిన చోట లొత్తలు పడ్డట్టన్నమాట. దీనికి తోడు రొమ్ము చర్మం దళసరిగా మారుతుంది. బిగుతైన రవిక విప్పినప్పుడు కుట్ల గుర్తులు ఎప్పటికన్నా లోతుగా, ఎక్కువసేపు ఉండిపోతే కూడా అది వాపు వచ్చిందనడానికి గుర్తే.

మన ఒంటికి ఎరుపు కనిపిస్తుందా?

వైద్య పుస్తకాల్లో ఈ జబ్బు ఫొటోలు చూస్తే రొమ్ము ఎర్రగా కందిపోయి ఉంటుంది. ఆ ఫొటోలు ఎక్కువగా తెల్లవాళ్లవి. ఎండలో పనిచేసే మన ఆడవాళ్ల చామనఛాయ, నలుపు ఒంటి మీద ఆ ఎరుపు అంత తేలిగ్గా కనిపించదు. నేరేడు పండు రంగులోనో, ముదురు గోధుమ రంగులోనో, కమిలిపోయినట్టో ఉండొచ్చు. ఒక్కోసారి రంగులో తేడా పెద్దగా తెలియకపోవచ్చు కూడా. అందుకని రంగు ఒక్కటే చూసి తేల్చేయకూడదు. రెండు రొమ్ములనూ పక్కపక్కన పోల్చి చూడాలి. అరచేయి వెనక భాగం ఆనించి ఒకవైపు వేడిగా ఉందేమో గమనించాలి. చర్మాన్ని వేళ్లతో మెల్లగా పట్టుకుని రెండోవైపు కన్నా మందంగా ఉందేమో చూడాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి వేగం. మామూలు గడ్డ నెలలు, ఏళ్ల తరబడి పెరుగుతుంది. ఇది అలా కాదు. పోయిన పండక్కి లేని తేడా ఈ అమావాస్యకు కనిపిస్తుంది. రొమ్ములో కనీసం మూడోవంతు భాగం మేర వాపు, కందిన రంగు ఉండి, ఆ లక్షణాలు మొదలై ఆరు నెలలు దాటకపోతే వైద్యులు ముందుగా అనుమానించేది ఈ రకాన్నే. అలాగని మూడోవంతు వచ్చేదాకా మనం కాచుకుని కూర్చోమని కాదు. ఆ కొలత డాక్టర్ల కోసం. మనకు తేడా కనిపించడమే కొలత!

ఆలస్యం ఎక్కడ జరుగుతుంది?

మొదటి ఆలస్యం సిగ్గుతో. రొమ్ములో తేడా ఉందని కట్టుకున్నవాడికి చెప్పడానికే మనసొప్పదు. ఇక మగ డాక్టరుకు చూపించడమంటే తల కొట్టేసినట్టే. పెళ్లికావలసిన ఆడపిల్లలుంటే, విషయం బయటకు పొక్కితే సంబంధాలు రావేమోనన్న భయం ఇంకోటి.

రెండోది ఇంటి వైద్యంతో. పసుపు పట్టు, వేడినీళ్ల కాపడం, వేపాకు ముద్ద, ఎవరో చెప్పిన ఆకు పసరు... దిష్టి తగిలిందంటూ తాయెత్తులు కట్టించుకునేవారూ ఉన్నారు. ఇవేవీ లింఫ్ నాళాల్లో ఇరుక్కున్న క్యాన్సర్ కణాలను కదిలించలేవు. అవి చేసే నష్టమల్లా విలువైన రోజులు మింగేయడమే.

మూడోది బాలింతల విషయంలో. పాలిచ్చే తల్లికి రొమ్ము గట్టిపడి, ఎర్రబడి, జ్వరం రావడం మామూలే. ఎక్కువ మందిలో అది పాలు గడ్డకట్టడమో, ఇన్‌ఫెక్షనో అయి ఉంటుంది. సరైన మందు పడితే తగ్గిపోతుంది. అయితే వాపు రకం క్యాన్సర్ గర్భిణులకూ, బాలింతలకూ కూడా రావచ్చు. మిగతా రొమ్ము క్యాన్సర్లతో పోలిస్తే ఇది కాస్త చిన్న వయసులోనే వస్తుంది కూడా. ‘పిల్ల పాలు తాగుతుంది కదా, ఇది క్యాన్సర్ ఎందుకవుతుంది?’ అన్న ధీమా ఒక్కోసారి కొంప ముంచుతుంది.

నాలుగోది వైద్యం దగ్గరే. ఊళ్లో ఆర్‌ఎంపీ ఓ సూది వేసి, నాలుగు గోలీలిస్తాడు. తగ్గకపోతే మందు మారుస్తాడు. అదీ పనిచేయకపోతే ఇంకోటి. ఇలా మూడు రకాల మందులు అయ్యేసరికి నెల దాటుతుంది. ఇంకొందరు చీము ఉందనుకుని గాటు పెట్టించుకుంటారు. చీమూ రాదు, గాయమూ మానదు. మొదటి చూపులో ఇన్‌ఫెక్షన్ అనుకోవడం పెద్ద డాక్టర్లకైనా సహజమే. కాబట్టి తప్పు మొదటి మందులో లేదు. అది పనిచేయకపోయినా అక్కడే ఆగిపోవడంలో ఉంది.

పది రోజుల లెక్క

ఈ కథనంలో ఇంకేమీ గుర్తులేకపోయినా ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి. రొమ్ములో వాపు, ఎరుపు ఉండి డాక్టరు యాంటీబయోటిక్ రాసిచ్చారు. నిజంగా ఇన్‌ఫెక్షనే అయితే రెండు మూడు రోజుల్లో గుణం కనిపించాలి. వారం, పది రోజులకు దాదాపు తగ్గిపోవాలి. పది రోజులైనా అలాగే ఉంటే, లేదా కొంచెం తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడితే రెండో రకం మందు అడగకండి. ‘డాక్టరుగారూ, ముక్క పరీక్ష చేయిస్తారా?’ అని అడగండి. పాలివ్వని స్త్రీకి, అందులోనూ నెలసరి ఆగిపోయిన వయసులో, జ్వరం లేకుండా రొమ్ము వాస్తే అసలు పది రోజులు కూడా ఆగనక్కర్లేదు.

ముక్క పరీక్ష అంటే బయాప్సీ. చర్మానికి మత్తుసూది వేసి, లావుపాటి సూదితో రొమ్ము లోపలి నుంచి చిన్న ముక్క తీస్తారు. దాంతోపాటు వాచిన చర్మం నుంచి మిరియపు గింజంత ముక్క తీసి ల్యాబ్‌కు పంపుతారు. ‘సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది’ అన్న భయం చాలామందిలో ఉంది. అది అపోహ. పరీక్ష వల్ల ముదిరేదేమీ లేదు, పరీక్ష చేయించకపోతేనే ముదురుతుంది. బయాప్సీ వల్ల ఇంకో మేలూ ఉంది. మన దగ్గర రొమ్ముకు క్షయ కూడా సోకుతుంటుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉండొచ్చు. తేడా తేల్చేది ముక్క పరీక్షే.

వీటితోపాటు మామోగ్రామ్, చంకతో సహా రొమ్ము స్కానింగ్, అవసరమైతే ఎంఆర్‌ఐ చేస్తారు. క్యాన్సర్ అని తేలితే ఊపిరితిత్తులు, కాలేయం, ఎముకలకు పాకిందేమో చూడటానికి సీటీ, ఎముకల స్కాన్ లేదా పెట్ స్కాన్ ఉంటాయి. ఇది బయటపడేనాటికే దాదాపు ముగ్గురిలో ఒకరికి వేరే అవయవాలకు పాకి ఉంటుంది. ఎక్కడికీ పాకకపోయినా దీన్ని మూడో దశ కిందే లెక్కేస్తారు. మొదటి దశ, రెండో దశ అనేవి ఈ రకానికి లేనే లేవు. అందుకే ఇక్కడ వారం కూడా విలువైనదే.

ముందు కత్తి కాదు... మందు!

క్యాన్సర్ అనగానే ‘ఎంత ఖర్చయినా సరే, రేపే ఆపరేషన్ చేసి తీసేయండి’ అంటారు ఇంటివాళ్లు. ఈ రకంలో అలా తొందరపడితే నష్టం. చర్మం నిండా కణాలు పరచుకుని ఉన్నప్పుడు కోస్తే కొన్ని మిగిలిపోతాయి. అందుకే చికిత్స వరుసగా మూడు మెట్లలో సాగుతుంది. మొదట కొన్ని నెలల పాటు కీమోథెరపీ. దాంతో వాపు తగ్గి, చర్మం మెత్తబడ్డాక ఆపరేషన్ చేసి రొమ్మునూ చంకలోని గ్రంథులనూ తీసేస్తారు. ఆ తర్వాత రేడియేషన్. రొమ్మును కాపాడుతూ గడ్డ వరకే తీసే ఆపరేషన్ ఈ రకానికి సరిపడదు.

బయాప్సీ ముక్క మీద హెచ్‌ఈఆర్-2, హార్మోన్ పరీక్షలు తప్పనిసరి. హెచ్‌ఈఆర్-2 పాజిటివ్ అని వస్తే ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది. ఒకప్పుడు ఇది విదేశీ కంపెనీల చేతుల్లోనే ఉండి సామాన్యుడికి అందేది కాదు. 2014లో బెంగళూరుకు చెందిన బయోకాన్ దేశీయంగా తయారుచేసిన దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఆ తర్వాత మరికొన్ని కంపెనీలూ వచ్చాయి. హార్మోన్ పాజిటివ్ అయితే చికిత్స తర్వాత ఏళ్ల తరబడి మాత్రలు వాడాల్సి ఉంటుంది.

ఇంతా చేస్తే బతుకుతారా? మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. కీమోథెరపీ లేని కాలంలో, ఆపరేషనో రేడియేషనో మాత్రమే చేసిన రోజుల్లో ఐదేళ్లు బతికినవారు నూటికి ఐదుగురు కూడా ఉండేవారు కాదు. మూడు మెట్ల చికిత్స వచ్చాక అమెరికా లెక్కల ప్రకారం నూటికి 40 మంది దాకా ఐదేళ్లు దాటుతున్నారు. వేరే అవయవాలకు పాకకముందే పట్టుకుంటే అవకాశం ఇంకా ఎక్కువ. 2006లో హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రి ఈ ఒక్క జబ్బు కోసమే ప్రత్యేక క్లినిక్ తెరిచింది. ఐదు నుంచి నలభై! ఆ తేడా మందులది. ఆ మందులు పనిచేసే సమయానికి ఆసుపత్రికి చేరడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.

మర్రిగూడ నుంచి దారి ఎటు?

మొదటి మెట్టు మండలంలోని ప్రభుత్వ ఆసుపత్రి. అక్కడి డాక్టరుకు చూపించి, అనుమానం ఉంటే పై ఆసుపత్రికి రాయించుకోవాలి. నల్గొండలో మెడికల్ కాలేజీకి అనుబంధంగా ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది. బస్సెక్కితే సగం పూటలో హైదరాబాద్ చేరొచ్చు. అక్కడ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి పేదల పెద్దదిక్కు. పంజాగుట్టలో నిమ్స్ ఉంది. బంజారాహిల్స్‌లో 2000 సంవత్సరంలో మొదలైన బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

ఖర్చుకు భయపడి ఆగిపోవద్దు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తొలి మూడు జిల్లాల్లో మన పక్కనున్న మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆపరేషన్, కీమో, రేడియేషన్... మూడూ దాని కిందకు వస్తాయి. రేషన్ కార్డు, ఆధార్, ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు సంచిలో పెట్టుకుని వెళ్తే చాలు. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిస్తే మిగతా దారి చెబుతారు.

ఆశమ్మ చేతిలో ఉంది

ముంబయి బస్తీల్లో టాటా మెమోరియల్ వైద్యులు 1998లో ఓ పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. లక్షన్నర మందికి పైగా మహిళలను ఎంచుకుని, అందులో సగం మందికి రెండేళ్లకోసారి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలతో రొమ్ము పరీక్షలు చేయించారు. యంత్రాల్లేవు, చేతులతోనే! ఇరవై ఏళ్ల ఫలితాలు 2021లో వచ్చాయి. పరీక్షలు జరిగినవారిలో క్యాన్సర్ తొందరగా బయటపడింది. యాభై దాటిన వారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. మన దగ్గరా హైదరాబాద్ సర్జన్ డాక్టర్ పి.రఘురామ్ స్థాపించిన ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ 2012-16 మధ్య రెండు తెలుగు రాష్ట్రాల పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇప్పించి, పేద మహిళలకు ఇలాంటి పరీక్షలే చేయించింది. ఇప్పుడు ప్రభుత్వ కార్యక్రమంలోనూ 30 ఏళ్లు దాటిన మహిళలకు రొమ్ము పరీక్ష ఉంది. ఏఎన్ఎం పిలిచినప్పుడు ‘నాకేం రోగం’ అని తప్పించుకోకండి.

అయితే ఒక్క మాట. రెండేళ్లకో, ఐదేళ్లకో జరిగే పరీక్ష వారాల్లో ముదిరే ఈ జబ్బును పట్టుకుంటుందన్న నమ్మకం లేదు. రెండు పరీక్షల మధ్య కాపలా కాయాల్సింది మనమే. నెలకోసారి, నెలసరి ఆగిన వారం తర్వాత, స్నానానికి ముందు అద్దం ముందు నిలబడి ఐదు నిమిషాలు చూసుకుంటే చాలు. నెలసరి ఆగిపోయిన వయసువారు ప్రతినెలా ఒక తేదీ పెట్టుకోవాలి.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

* ఒక రొమ్ము ఉన్నట్టుండి వాచడం, బరువెక్కడం, రెండోదానికన్నా పెద్దగా కనిపించడం
* చర్మం ఎర్రగా, ఊదాగా, కమిలినట్టు మారడం. ముట్టుకుంటే వేడిగా ఉండటం
* బత్తాయి తొక్కలా గుంటలు పడటం, చర్మం దళసరిగా మారడం
* చనుమొన లోపలికి లాక్కుపోవడం, చదునుగా మారడం
* రొమ్ములో నొప్పి, మంట, దురద తగ్గకపోవడం
* చంకలో, మెడ ఎముక పైన బిళ్లలు కట్టడం
* పది రోజులు మందు వాడినా గుణం లేకపోవడం

వీటిలో ఏదో ఒకటి కనిపించినంత మాత్రాన క్యాన్సరే అని బెంబేలెత్తక్కర్లేదు. ఎక్కువ మందిలో అది వేరే ఏదో అయి ఉంటుంది. కాదని తేలితే దిగులు లేకుండా పడుకోవచ్చు. అవునని తేలితే తొందరగా తెలిసినందుకు సంతోషించవచ్చు.

చివరగా ఇంట్లోని మగవాళ్లకు ఓ మాట. ఈ పేజీ ఆడవాళ్లదని తిప్పేయకండి. ఆమె చెప్పుకోలేకపోతే మీరే అడగండి. పత్తి ఏరే రోజులైనా, బత్తాయి కోత రోజులైనా ఒకపూట పని ఆపి బండి తీయండి. కోత మర్నాడు కూడా కోయొచ్చు.